కొటేషన్‌లో 25 వేలు, గోడలో 91 వేలు: మల్కాజిగిరిలో ఒక వంటింటి కేసు

2023 మే నెలలో హైదరాబాద్ మల్కాజిగిరిలోని ఒక ఫ్లాట్‌కి నేను రాసిచ్చిన కొటేషన్‌లో తొమ్మిది వరుసలున్నాయి. కింది బాక్సులు, పై బాక్సులు, నిలువు బీరువా, సజ్జకి తలుపులు, హార్డ్‌వేర్, గ్రానైట్, గోడ టైల్స్, సింకు-కుళాయి. ఈ ఎనిమిదింటికీ చదరపు అడుగులు, రేట్లు, మోడళ్ళు అన్నీ విడివిడిగా రాశాను. తొమ్మిదో వరుస మాత్రం ఇలా ఉంది: "పాతది కొట్టివేత, ప్లంబింగ్, కరెంటు పని: మొత్తం కలిపి రూ. 25,000."

ఆ వరుస ఎలా వచ్చిందో నాకు గుర్తుంది. టీ తాగుతూ మనసులో వేసుకున్న లెక్క. కొట్టడానికి పది, ప్లంబర్‌కి ఎనిమిది, ఎలక్ట్రీషియన్‌కి ఏడు. అంతే. పన్నెండేళ్ళుగా ఇళ్ళ లోపలి పనులు చేయిస్తున్నాను, అయినా అలాగే రాశాను. చివరికి ఆ వరుస 91 వేలయింది. ఈ కేసంతా ఆ వరుస గురించే.

ఇంటి సంగతి. 2002లో కట్టిన నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు, రెండు పడగ్గదులు. వంటిల్లు ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు. తూర్పు గోడకి పొడవాటి గట్టు, పడమటి గోడకి అయిదడుగుల చిన్న గట్టు, గట్ల కింద కడప బండల అరలు. తలుపుల్లేవు, ఒక పాత చీర తెరగా వేలాడుతోంది. గోడకి స్టీలు స్టాండు. ఆ తరం ఇళ్ళలో పనిచేసిన వాళ్ళకి ఇక చెప్పక్కర్లేదు. ఇంట్లో ముగ్గురు. యాభై రెండేళ్ళ టీచర్ గారు, రిటైరైన ఆమె భర్త (ఆయన్ని సార్ అనేదాన్ని), ఆయన తల్లి. ఆవిడని నేనూ మామ్మగారనే పిలిచేదాన్ని. ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు, వయసు డెబ్బై ఎనిమిది, ఆ వంటింటికి అసలు యజమాని ఆవిడే.

టీచర్ గారి దగ్గర అప్పటికే మరో రెండు కొటేషన్లు ఉన్నాయి. ఒకటి 2 లక్షల 10 వేలు, ఇంకోటి 4 లక్షల 60 వేలు. నాది జీఎస్టీ కాకుండా 2,87,800. "ఒకే వంటిల్లు, ముగ్గురూ టేపు పెట్టి కొలిచారు, ఇంత తేడా ఏమిటి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. తేడా టేపులో లేదు. ఒకరు ముందు కనిపించే తలుపుల వైశాల్యానికి చదరపు అడుగు రేటు వేస్తారు. ఇంకొకరు గట్టు పొడవు మీద రన్నింగ్ అడుగు లెక్క వేస్తారు. మూడో వాళ్ళు బాక్సుకింత అని వేసి, తలుపుకి వేరే, హ్యాండిల్‌కి వేరే కలుపుతారు. రేటు తక్కువ కనిపించిన చోట హార్డ్‌వేర్ బయట ఉంటుంది. హార్డ్‌వేర్ కలిపిన చోట గ్రానైట్ బయట ఉంటుంది. మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చివరి అంకెలు పోల్చడం కిలో బియ్యాన్నీ లీటరు నూనెనీ పోల్చినట్టే.

2 లక్షల 10 వేల కాగితంలో "ప్లైవుడ్, మంచి క్వాలిటీ" అని ఉంది. వంటింట్లో ఆ మాటకి అర్థం లేదు. ఎంఆర్ గ్రేడు చెక్క గాలిలో తేమని ఓర్చుకుంటుంది కానీ నీళ్ళని ఓర్చుకోదు. సింకు కింద ఒక్క వర్షాకాలంలోనే పొరలు విప్పుకుంటుంది. ఐఎస్ 710 అనే భారత ప్రమాణం ముద్ర ఉన్న మెరైన్ ప్లై ముక్కని 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచి పరీక్షిస్తారు. వంటింటి బాక్సులకి కావాల్సింది అది. ముద్ర ఒక్కటే చూసి నమ్మకూడదు కూడా, దొంగ ముద్రలు బోలెడు. నేను ప్రతి లోడు నుంచీ ఒక ముక్క కోయించి మా ఇంట్లో కుక్కర్‌లో ఉడికిస్తాను. నాలుగు విజిళ్ళకి అంచు విచ్చుకుంటే లోడు వెనక్కి పంపేస్తాను. దీనికి ఐఎస్ కోడ్ ఏమీ లేదు, ఇది మా ఇంటి కోడ్.

నా లెక్క: కింద 38 చదరపు అడుగులు, పైన 24, నిలువు బీరువా 14, మొత్తం 76. అడుగు 1,650 చొప్పున 1,25,400. సజ్జ తలుపులు 24 అడుగులు, 850 చొప్పున 20,400. సొరుగుల పట్టాలు, కీళ్ళు, మూల తిరుగుడు అర అన్నీ కలిపి 62,000. గ్రానైట్, పరిచే కూలితో సహా 24,000. గోడ టైల్స్ 16,500. సింకు, కుళాయి 14,500. వీటికి ఆ 25,000 కలిపితే 2,87,800. పైన 18 శాతం జీఎస్టీ 51,804. స్టవ్వు, చిమ్నీ వాళ్ళే కొనుక్కుంటామన్నారు.

అట్టడుగున చిన్న అక్షరాల్లో "జీఎస్టీ అదనం" అని రాసే అలవాటు మా వృత్తిలో అందరికీ ఉంది, నాకూ ఉండేది. సార్ 2 లక్షల 90 వేలు బ్యాంకులో సిద్ధం చేసుకుని, అడ్వాన్సు రోజున ఆ అక్షరాలు చూశారు. ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. అప్పటి నుంచి నేను మొదటి పేజీలోనే జీఎస్టీతో కలిపిన అంకె వేస్తున్నాను.

గునపం పడ్డాక

జూన్ 15, గురువారం పని మొదలుపెట్టాం. ఆ తేదీ నాది కాదు, మామ్మగారిది. 19 నుంచి ఆషాఢం. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టరు, మొదలైన పని ఆపక్కర్లేదు. శ్రావణం వచ్చేసరికి కొత్త వంటింట్లో పాలు పొంగాలన్నది షరతు. నేను 35 రోజులన్నాను.

అసోసియేషన్ వాళ్ళ షరతులు వేరే. పదింటి నుంచి అయిదింటి దాకానే శబ్దం, ఆదివారం పని బంద్, మలబా (కొట్టిన శిథిలాలు) లిఫ్టులో దించకూడదు, పదివేలు డిపాజిట్. కడప బండలు, ఇటుక గోడలు, గోడ టైల్స్, కింద మట్టి మొత్తం 140 సిమెంటు సంచులయ్యాయి. సంచికి 35 రూపాయల చొప్పున మెట్ల మీదుగా మోయించాం. అదే 4,900. పైన రెండు ట్రిప్పుల బండి, ముగ్గురు మనుషుల మూడు రోజుల కూలి. కొట్టివేత 18,500 తేలింది. మలబాని రాత్రి పూట ఏ ఖాళీ స్థలంలోనో పోసి వస్తామనే బండి వాళ్ళు చవకగా దొరుకుతారు. జీడిమెట్లలో, ఫతుల్లగూడలో నిర్మాణ వ్యర్థాల కేంద్రాలున్నాయి కదా అంటే దూరం డబ్బులు కలుపుతారు. కలిపితే కలపనివ్వండి.

రెండో రోజు ప్లంబర్ పాత ఇనుప పైపు ఒక ముక్క కోసి నా చేతిలో పెట్టాడు. "చూడక్కా." అరంగుళం జీఐ (జింకు పూత ఇనుము) పైపు. లోపల తుప్పు మీద సున్నం, సున్నం మీద తుప్పు పేరుకుని మిగిలిన దారిలో పెన్సిల్ కూడా దూరడం లేదు. ఇరవై ఏళ్ళ బోరు నీళ్ళు. కుళాయి సన్నగా వస్తోందని వాళ్ళు మూడుసార్లు కుళాయి మార్చారట. ఆ పైపు మీద ఇప్పుడు కొత్త గోడ టైల్స్ వేసి, ముందు లక్షన్నర రూపాయల బాక్సులు బిగిస్తే, అది పగిలిన రోజున అన్నీ మళ్ళీ ఊడదీయాలి. కాబట్టి వంటింటి మేరకు పైపులన్నీ సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులకి మార్చాల్సిందే. ఒకటి బోరు నీళ్ళకి, ఒకటి మంజీరాకి, అంటే ఊరి నల్లా నీళ్ళకి. హైదరాబాద్‌లో ఏ నది నీళ్ళొచ్చినా అది మంజీరాయే, కాబట్టి రెండు లైన్లు.

కానీ ఆ వరసలోని నాలుగు ఫ్లాట్లకీ కలిపి ఒకటే పైపు, మధ్యలో ఎక్కడా వాల్వు లేదు. కోయాలంటే పై ట్యాంకు దగ్గర ఆపాలి, నాలుగిళ్ళకీ నీళ్ళు పోతాయి. సెక్రటరీ గారు పదకొండు నుంచి రెండు దాకా సమయమిచ్చారు. ఆ మూడు గంటల కోసం రెండు రోజులు ఎదురుచూశాం. అది అయ్యాక మొదట చేసిన పని మా లైన్‌కి ఒక వాల్వు పెట్టడం.

కరెంటు సంగతి మాకు తెలిసింది తనిఖీ చేసినందువల్ల కాదు, ఒక ప్లగ్గు కాలినందువల్ల. స్టవ్వు తీసేశాం కాబట్టి హాల్లో ఇండక్షన్ పెట్టుకున్నారు. 2,000 వాట్ల ఇండక్షన్ దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. పెట్టింది ఆరు ఆంపియర్ల సాకెట్‌లో, అడాప్టరు వేసి. మొదటి రాత్రే అడాప్టరు నల్లబడి వాసనొచ్చింది. మర్నాడు మా ఎలక్ట్రీషియన్ మెయిన్ బోర్డు విప్పాడు. వంటిల్లూ హాలూ కలిపి ఒకే లైను, తీగ ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లది. ఇల్లు కట్టిన రోజుల్లో వంటింట్లో ఉన్నది ఒక బల్బు, ఒక మిక్సీ. ఇప్పుడు ఫ్రిజ్జు, మిక్సీ, మైక్రోవేవ్, వాటర్ ఫిల్టరు, చిమ్నీ ఉన్నాయి, రేపు డిష్‌వాషర్ వస్తుంది. బోర్డు నుంచి వేరుగా రెండు లైన్లు లాగాం. సాకెట్లకి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ, మైక్రోవేవ్-డిష్‌వాషర్ వైపు నాలుగుది. షాక్ కొడితే చటుక్కున ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాను, నీళ్ళుండే గదిలో అది లేకుండా నేను పని అప్పగించను. కరెంటు పని 27,500.

ఇక చెమ్మ. పాత సింకు వెనక కడప బండ తీయగానే గోడ మీద గుప్పెడంత పచ్చి మచ్చ, చుట్టూ తెల్లటి ఉప్పు. పైన మూడో అంతస్తు ఫ్లాట్‌లో అంట్లు తోముకునే చోట నేల తూముకి ఉండే నాని ట్రాప్ లీకు. ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు "మాకేం తెలుసండీ, ఓనర్‌ని అడగండి" అన్నారు. ఓనరు బెంగళూరులో. ఆయన ఫోన్లో మొదట అన్న మాట: "మీరు సుత్తులతో కొట్టినందుకే లీకైంది." ఈ మాట ప్రతి పాత అపార్ట్‌మెంట్‌లోనూ వింటాను. అందుకే కొట్టిన రోజే ఫోటోలు తీసిపెట్టుకుంటాను. ఉప్పు అన్ని పొరలుగా పేరుకోవాలంటే ఏళ్ళు పడుతుంది, మూడు రోజుల సుత్తికి రాదు. ఫోటోలు చూశాక ఒప్పుకున్నారు. ఆయన మనిషి వచ్చి ట్రాప్ మార్చి, మా గోడ ఆరేసరికి పదకొండు రోజులు. మేము ప్లాస్టరు తీసేసి వాటర్‌ప్రూఫింగ్ చేసి మళ్ళీ పూశాం. 14,000.

ఈశాన్యం

ఇంతలో జూన్ 17న మామ్మగారి తమ్ముడు వచ్చారు. పెద్దాయన, వాస్తు తెలిసినవారు. స్టవ్వు ఆగ్నేయంలో ఉంది, తూర్పు ముఖంగా వండుతారు, అది బాగుందన్నారు. దాని పక్కన రెండడుగుల్లో సింకేమిటి, అగ్గీ నీళ్ళూ పక్కపక్కనా? సింకు ఈశాన్యానికి పోవాలి. పాత వంటింట్లో ఇరవై ఏళ్ళు అలాగే ఉంది కదండీ అన్నాను. "అందుకేగా తీయిస్తున్నారు" అన్నారు. ఇక నా దగ్గర జవాబు లేదు.

వాస్తు మీద నాకు నమ్మకం ఉందా లేదా అన్నది ఇక్కడ అనవసరం. తెలుగిళ్ళలో వంటింటి పనికి అది కూడా ఒక కొలత. దాన్ని మొదటి రోజే కొలవకపోవడం నా తప్పు. ప్లాన్ మీద అందరి సంతకాలూ ఉన్నాయి, మామ్మగారిది తప్ప.

సింకు ఏడడుగులు జరగడమంటే గ్రానైట్‌లో రంధ్రం అటు నుంచి ఇటు మార్చడం కాదు. నీళ్ళు బయటికి పోయే దారి పాత చోటే ఉంది. దాన్ని కదిపితే కింది ఫ్లాట్ వాళ్ళ కప్పు పగలగొట్టాలి. కాబట్టి కొత్త సింకు నుంచి పాత దారి దాకా బాక్సుల వెనక గోడ వెంట పైపు నడపాలి. నలభైకి ఒకటి వాలు ఇస్తే 84 అంగుళాలకి రెండంగుళాల పైన దిగుతుంది. అంతకన్నా తక్కువ వాలిస్తే అన్నం మెతుకులు దారిలోనే కూర్చుంటాయి. పైపూ, దాని క్లాంపులూ కలిసి గోడ నుంచి రెండున్నర అంగుళాల చోటు తినేశాయి. బాక్సు లోపలి లోతు తగ్గింది. సొరుగుల పట్టాలు 50 మిల్లీమీటర్ల తేడాతో సైజులుగా వస్తాయి. 500వి ఆరు జతలు అప్పటికే కొని పెట్టాను. ఇప్పుడు పట్టేవి 450వే. దుకాణం వాళ్ళు వెనక్కి తీసుకున్నారు కానీ 3,200 కోసుకున్నారు. అది నా ఖాతాలో పడింది. మూలలో పెడదామనుకున్న 16,000 తిరుగుడు అర ఆ పైపు వల్ల పట్టలేదు. అది బిల్లులోంచి తీసేశాను. నిజానికి దానికి నేను విచారించలేదు. ఆ తిరుగుడు అరలు షోరూంలో తిరిగినంత బాగా ఇంట్లో తిరగవు. వెనక పడిన గరిటెని తీయడానికి నెలకోసారి నాకు ఫోనొస్తుంది.

పైపుకి గోడలో గాడి, వాలు, దారిలో తెరిచి చూసుకునే మూత, రెండు లైన్ల సీపీవీసీ, వాల్వులు. ప్లంబింగ్ మొత్తం 31,000.

సింకు కింది బాక్సు, దాని పక్కది చెక్క కాకుండా డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన) బోర్డుతో చేయించాను. 4,800 అదనం. ఇది నేను ముందే కొటేషన్‌లో పెట్టాల్సింది.

పడమటి చిన్న గట్టు తీసేశాక నేల మీద అయిదడుగుల పొడవున టైల్ లేని పట్టీ మిగిలింది. 2002 నాటి అడుగు బై అడుగు ఐవరీ టైల్ ఇప్పుడు ఎక్కడా దొరకదు. సార్ స్వయంగా రెండు రోజులు తిరిగారు, చేతిలో పాత ముక్క పట్టుకుని. చివరికి మొత్తం నేల మార్చాం, 13,600. పాత గట్టు తీయించే ప్రతివాళ్ళకీ ఈ ఖర్చు వస్తుంది, కొటేషన్‌లో మాత్రం ఎవరూ రాయరు.

ఆవకాయ జాడీలు

మామ్మగారు నన్ను ఒకటే అడిగారు: "జాడీలు ఎక్కడ పెడతావమ్మాయ్?"

జూన్ కాబట్టి ఆవకాయ, మాగాయ కొత్తగా కలిపి ఉన్నాయి. నాలుగు పింగాణీ జాడీలు, వాసెనలు కట్టి. దుమ్ము పడకూడదు, తడి తగలకూడదు, ఎవరు పడితే వాళ్ళు ముట్టుకోకూడదు. పని జరిగినన్నాళ్ళూ అవి ఆవిడ మంచం కింద ఉన్నాయి. నేను గీసిన ప్లాన్‌లో సొరుగులు పది అంగుళాల ఎత్తువి, జాడీలు పదిహేను. కింద సొరుగులు, పైన రెండడుగుల అరలు, అంత బరువు పైకెత్తే వయసు కాదు ఆవిడది. నిలువు బీరువాలో అడుగు అర నేలకి నాలుగంగుళాల మీద, పదహారు అంగుళాల ఎత్తుతో, లాగే బుట్ట లేకుండా గట్టి బండలా చేయించాను. ఖర్చేమీ పెరగలేదు. కానీ ఆ ప్రశ్న నేను అడగాల్సింది, ఆవిడ కాదు. వంటింట్లో ఏమేం ఉన్నాయో చూస్తాం గానీ వాటిలో అతి పొడవైనదీ అతి బరువైనదీ ఎవరూ కొలవరు. ఇప్పుడు నా టేపు మొదట జాడీ మీద, ఆ తర్వాత ఇడ్లీ కుక్కర్ మీద పడుతుంది. గోడ చివరికి.

గట్టు ఎత్తు దగ్గరా ఇలాగే. మామూలుగా 34 అంగుళాలు పెడతాం. టీచర్ గారి ఎత్తు అయిదడుగుల ఒకటి. పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టి కలిపితే మోచెయ్యి భుజం దాకా లేస్తుంది. 32 చేద్దామంటే కింద మూడు సొరుగులు పట్టవు. 33 దగ్గర ఆగాం.

గ్యాసు సిలిండరు గట్టు కిందే, చివరి బాక్సులో. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి తలుపుకి కింద గాలి రంధ్రాలుండాలి, పైన కాదు. అందం కోసం పూర్తిగా మూసిన తలుపు కావాలని టీచర్ గారు చాలాసేపు వాదించారు. ఇది ఒక్కటే నేను ఒప్పుకోనిది.

ఎదురుచూపులు

జూలై 9న లష్కర్ (సికింద్రాబాద్) బోనాలు. మల్కాజిగిరికీ సికింద్రాబాద్‌కీ ఎంత దూరమని, మేస్త్రి, ప్లంబరు, హెల్పరు ముగ్గురూ మూడు రోజులు లేరు. ఇది నాకు తెలియని పండుగ కాదు, నా క్యాలెండర్‌లో వేసుకోలేదు, అంతే. టైల్స్ 13కి అయ్యాయి, 18కి బాక్సులు నిలబడ్డాయి.

సరిగ్గా అప్పుడే వానలు పట్టుకున్నాయి. ఆ జూలై చివరి రెండు వారాలు తెలంగాణ మొత్తం తడిసింది, బడులకి రెండు విడతలు సెలవులిచ్చారు. గ్రానైట్ బండి కదలదు, వచ్చినా దించడానికి మనుషులు రారు. మేం ఎంచింది చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ. 18న కొలత తీసుకెళ్ళి కోసి తెచ్చిన పలక స్టవ్వు రంధ్రం మూలలో చీలింది. మూలలు గుండ్రంగా తిప్పకుండా నిటారుగా కోశారు. సన్నగా మిగిలే చోట నిటారు మూల ఉంటే చీలిక అక్కడి నుంచే మొదలవుతుంది. కోతకి ముందు నేను దగ్గర లేను. 7,500 నాది. కొత్త పలక ఆగస్టు 3న పరిచాం, 4న స్టవ్వు వెలిగింది. అంటే జూన్ 15 నుంచి యాభై రోజులు ఆ ఇంట్లో వంటిల్లు లేదు.

ఆ యాభై రోజుల లెక్క సార్ నోట్‌బుక్‌లో ఉంది. కర్రీ పాయింట్‌కి 11,200. పప్పు, వేపుడు, సాంబారు, ఆదివారం ఒక స్వీటు. మామ్మగారు బయటి కూర ముట్టరు. ఆవిడ బాల్కనీలో ఒంటి పొయ్యి మీద అన్నమూ చారూ వండుకుని కొత్తావకాయతో తిన్నారు. "నాకేం ఇబ్బంది లేదు, ఆవకాయ రోజులే కదా" అన్నారు కానీ, వాన పడిన రోజున బాల్కనీలో గొడుగు పట్టుకుని చారు కాచిన ఫోటో టీచర్ గారు నాకు పంపారు. కింద ఏమీ రాయలేదు. ఆ ఫోటోకి ఏం జవాబివ్వాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆగస్టులో మిగిలినవి చిన్న పనులే, అయినా పద్దెనిమిది రోజులు తిన్నాయి. వానకి రెండు తలుపుల లామినేట్ ఉబ్బింది, మార్చాం. చిమ్నీ గొట్టానికి ఆరంగుళాల రంధ్రం గోడలో తొలిపించడానికి మిషన్ వాడు రావాలి, 2,500. చిమ్నీ కంపెనీ మనిషి మొదటిసారి వచ్చి పైపు తేలేదని వెళ్ళిపోయాడు.

గడువు విషయంలో మమ్మల్ని కాపాడింది పంచాంగం. 2023లో శ్రావణం రెండొచ్చింది. జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక మాసం, ఆ తర్వాత నిజ శ్రావణం. అధికంలో శుభకార్యాలు చేయరు కాబట్టి మామ్మగారే "నిజ శ్రావణంలో పొంగిద్దాంలే" అన్నారు. ఆగస్టు 22న అప్పగించాం. 25న వరలక్ష్మీ వ్రతం ఆ వంటింట్లోనే జరిగింది. నా ఒప్పందంలో రాసిన 35 రోజులకి అది అరవై తొమ్మిదో రోజు.

డబ్బు మాట్లాడుకున్న రోజు

తొమ్మిదో వరుస 91,000 అయింది: 18,500, 31,000, 27,500, 14,000. సార్ ఒకటే అడిగారు: "మొత్తం కలిపి అని మీరే రాశారు కదమ్మా?" రాశాను. చట్టం మాట ఎలా ఉన్నా నా రాత నాదే. కానీ ఆ 66,000 నేనొక్కదాన్నే మోస్తే ఈ పనిలో నాకు మిగిలేది అప్పు. ఇద్దరం కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. చూడగానే అంచనా వేయగలిగి ఉండాల్సింది నాది: కొట్టివేత అదనం 8,500 నేను భరించాను. గోడ లోపల ఉన్నది, ఇంటికి శాశ్వతంగా పనికొచ్చేది వాళ్ళది: పైపులు, తీగలు, నా లాభం వేసుకోకుండా అసలు బిల్లుల మీద. చెమ్మ పని చెరిసగం, నా వంతు 7,000.

అలా వాళ్ళ మీద పడిన అదనం 50,500. నేల టైల్స్, సింకు బాక్సులు, చిమ్నీ రంధ్రం కలిపి, తిరుగుడు అర తీసేస్తే బిల్లు 3,43,200. జీఎస్టీతో 4,04,976. మొదట అనుకున్నది 3,39,604. వాళ్ళు కొనుక్కున్న స్టవ్వు, చిమ్నీ 38,000. కర్రీ పాయింట్ 11,200. సార్ నోట్‌బుక్‌లో చివరి అంకె 4,54,176. నా వైపు పోయింది 26,200: కొట్టివేత, చెమ్మ, పట్టాలు, గ్రానైట్. ఈ పనిలో నేను అనుకున్న లాభం 45 వేలు.

గమనించండి, సింకు దగ్గర బోర్డు మార్చిన రెండూ తప్ప బాక్సులు, తలుపులు, సజ్జ రాసిన రేటుకే అయ్యాయి, ఒక్క రూపాయి అటూ ఇటూ కాలేదు. అందరూ బేరమాడేది మాత్రం వాటి మీదే. టీచర్ గారు కూడా మే నెలలో 1,650ని 1,600 చేయమని గంటసేపు అడిగారు. తగ్గించి ఉంటే 3,800 మిగిలేది.

ఆ తర్వాత నేను కొటేషన్ ముందు "విప్పి చూసే రోజు" అని ఒకటి పెట్టుకున్నాను. 4,000 తీసుకుంటాను, పని నాకిస్తే బిల్లులో తగ్గిస్తాను. ఆ రోజు ప్లంబరు, ఎలక్ట్రీషియన్ నాతో వస్తారు. సింకు కింద ఒక బండ తీసి గోడ చూస్తాం, కుళాయి విప్పి పైపు నోరు చూస్తాం, మెయిన్ బోర్డు మూత తీస్తాం, పై ఇంటికి వెళ్ళి వాళ్ళ సింకు కింద చెయ్యి పెట్టి చూస్తాం. ఇంట్లో అందరినీ, ముఖ్యంగా పెద్దవాళ్ళనీ, వాస్తు చెప్పే చుట్టాన్నీ ఆ రోజే రమ్మంటాను. నలుగురిలో ఒకరు "చూడ్డానికి కూడా డబ్బులా" అని వేరేచోటికి వెళ్ళిపోతారు. వెళ్ళనిస్తాను.

2024 ఫిబ్రవరిలో తలుపుల కీళ్ళు సరిచేయడానికి వెళ్ళాను. సింకు కింద పొడిగా ఉంది. కుళాయి మూతికి అప్పుడే తెల్లగా సున్నం పట్టింది, బోరు నీళ్ళు బోరు నీళ్ళే. మామ్మగారు కింద కూర్చుని కత్తిపీట మీద దొండకాయలు తరుగుతున్నారు, మూడో సొరుగుకి సరిగ్గా ఎదురుగా. ఆ సొరుగు తెరవాలంటే ఆవిడ లేవాలి. ఎవరూ తెరవరట, అందులో ఏముందో టీచర్ గారికే గుర్తులేదు.

వస్తుంటే సార్ గేటు దాకా వచ్చారు. "అన్నీ బాగున్నాయమ్మా. ఆ అసోసియేషన్ డిపాజిట్ పదివేలు మాత్రం ఇంకా రాలేదు. మీరోసారి సెక్రటరీ గారితో మాట్లాడతారా?"